మెల్లగా వచ్చిన బంతి

"ఈ రోజు ఇక్కడ ఎవరూ గెలవలేదు, ఎవరూ ఓడలేదు, స్నేహం ఒక్కటే గెలిచింది" అని మైకు పట్టుకున్న పెద్దమనిషి అనగానే నాకు ఒళ్లు మండిపోయింది. పోయిన నెల సంగతి ఇది. అనంతపురంలో ఇప్పుడు పచ్చగడ్డి పెంచిన ఫుట్‌బాల్ మైదానం ఉంది. ఏడాదికొకసారి ఏదో ఒక దేశం నుంచి ఆడపిల్లల జట్టు వస్తుంది, మన పిల్లలూ విమానమెక్కి వాళ్ల ఊళ్లకు పోయి ఆడి వస్తున్నారు. ఆ రోజు మన పిల్లలు ఓడిపోయారు. మన గోల్‌కీపర్ పిల్ల గడ్డి మీద బోర్లా పడుకుని వెక్కివెక్కి ఏడుస్తోంది. ఏడవనీ! అది దాని ఓటమి, అది ఆడి ఓడింది. దాని ఓటమిని దాని చేతుల్లోంచి లాక్కుని, స్నేహం అని పేరు పెట్టి మైకులో పంచిపెట్టడానికి నువ్వెవరివయ్యా అని అడుగుదామని నేను కుర్చీలోంచి లేచాను కూడా.

పక్కన కూర్చున్న బిర్గిట్ నా చెయ్యి పట్టుకుని కిందికి లాగింది. బిర్గిట్‌ది డెన్మార్క్ దేశం. వచ్చిన జట్టులో ఆమె మనవరాలుంది. మేమిద్దరం పరికిణీల వయసులో ఇదే అనంతపురంలో ఎదురెదురుగా ఆడినవాళ్లం. ఆ తర్వాత ఒకరి ముఖం ఒకరు చూసింది ఇప్పుడే. "ఎందుకు ఇంత కోపం?" అని అడిగింది ఇంగ్లీషులో. ఈ మాట నన్ను చాలామంది అడిగారు. మా స్కూళ్లలో హెడ్‌మాస్టర్లు అడిగారు, కట్టుకున్నాయన అడిగాడు, కన్నపిల్లలు అడిగారు. వాళ్లకు చెప్పని సమాధానం ఇప్పుడు రాస్తున్నాను.

మాది తనకల్లు దగ్గర పల్లె. వాన పడితే అమ్మానాయనలు శనక్కాయ చేలల్లో కూలికి పోయేవాళ్లు. పడకపోతే, అంటే చాలా ఏళ్లు, రోడ్డు పక్కన కంకర కొట్టే కరువు పనికి పోయేవాళ్లు. ఆదివారం చర్చిలో పాస్టరు గారు చెప్పగా నన్ను అనంతపురంలో ఆడపిల్లల హాస్టల్లో చేర్చారు. విదేశాల దాతల సాయంతో నడిచే హాస్టలు అది. ఇప్పటికీ కళ్లు మూసుకుంటే ముందు ముక్కుకే ఆ హాస్టలు గుర్తొస్తుంది. తెల్లారక ముందే పెద్ద అండాలో రాగి సంగటి ఉడికే వాసన, రోట్లో నూరే శనక్కాయ చట్నీలో ఎండుమిరపకాయల ఘాటు, లాంతరు మసి, ఇంతమంది పిల్లల తలల్లోని ఆముదం. నీళ్లంటే ప్రాణం. ఒక్కొక్కరికి ఒక్క బకెట్. ఆ బకెట్లోనే ఒళ్లు, తల, బట్టలు. మేం కాళ్లు కడుక్కున్న నీళ్లు పాదు తవ్వి బీరతీగకు మళ్లించేది వంట ఓబులమ్మ. నీళ్లు ఒలకబోసిన పిల్లకు ఆ పూట చట్నీ పెట్టేది కాదు, ఎంత ఏడ్చినా సరే.

అలాంటి చోటికి కరుణ మేడమ్ వచ్చింది. ఆమె మా డ్రిల్లు టీచరు. కోలారు బంగారు గనుల దగ్గర పుట్టి పెరిగిన మనిషి. గని పనివాళ్లు సాయంత్రాలు ఆడే ఫుట్‌బాల్ చూస్తూ పెరిగింది కాబట్టి ఆమెకు ఆ ఆటంటే పిచ్చి. తన పెట్టెలో బట్టల కింద తోలు బంతి ఒకటి పెట్టుకొచ్చింది. హాస్టలు వెనక గరుసు నేల, చుట్టూ తుమ్మచెట్లు. వారానికొకసారి ముల్లు దిగేది, సైకిల్ షాపులో పంక్చరు వేయించేవాళ్లం. ఆ షాపతను బంతిని తిప్పితిప్పి చూసి, "ఆడపిల్లోళ్లకు ఇదేం పోయేకాలమప్పా" అని నవ్వేవాడు. మొదట్లో పావడాలు పైకి దోపుకుని ఆడేవాళ్లం. తర్వాత పాలపొడి సంచుల గుడ్డతో మేడమ్ మాకు మోకాళ్ల కింది దాకా నిక్కర్లు కుట్టించింది. చెప్పులుండేవి కావు, మోకాళ్లు చెక్కుకుపోయేవి. అయినా సాయంత్రం బెల్లు కోసం పొద్దున్నుంచీ కాచుకుని ఉండేవాళ్లం. నా అరవై ఏళ్ల బతుకులో అంత ఆశగా దేనికోసమూ ఎదురుచూడలేదు.

మా గోల్‌కీపర్ నాగరత్న. ధర్మవరం నేత ఇంటి పిల్ల. చిన్నప్పటినుంచి మగ్గం పక్కన కూర్చుని, చీర అంచుకు పోగు తీసుకుపోయే నాడెను వాళ్ల నాయనకు అందిస్తూ పెరిగింది. నాడె అటూ ఇటూ పరిగెడుతుంటే చూపు పక్కకు పోకూడదు, చెయ్యి ఒక్క క్షణం వెనకబడకూడదు. ఆ చూపు, ఆ చెయ్యి గోలు ముందర నిలబెడితే ఇంకేముంది! మేం ఎంత గట్టిగా కొట్టినా బంతి పోయి ఆమె ఒళ్లో పడేది. కరుణ మేడమ్ నోట్లో ఈల పెట్టుకుని ఊదడం మర్చిపోయి చూసేది.

ఒక దసరా సెలవులకు నాగరత్న నన్ను వాళ్లింటికి తీసుకుపోయింది. వీధంతా మగ్గాల చప్పుడు. ఇంట్లోకి అడుగుపెట్టగానే గంజి వాసన, ఉడకబెట్టిన పట్టు వాసన కలిసి ముక్కులో దూరేవి. వాళ్ల నాయన శీనప్ప. బక్కమనిషి, మాట తక్కువ. పొద్దున్నే స్నానం చేసి, మగ్గాన్ని ముట్టుకుని కళ్లకద్దుకుని, అరచేతులకు కొబ్బరినూనె రాసి గుడ్డతో తుడుచుకుని అప్పుడు మగ్గం కింది గుంతలో కాళ్లు పెట్టేవాడు. చేతులు మెత్తగా లేకపోతే పట్టుపోగు చర్మానికి పట్టుకుని లేస్తుంది. అందుకని ఆ ఇంట్లో బండపని చేసిన చెయ్యి మగ్గం దగ్గరికి రాకూడదు. నేను ముందురోజే కంకర పని దగ్గర అమ్మకు సాయం చేసి వచ్చినదాన్ని. నా చేతులు చూసి ఏమీ అనకుండా నవ్వి, దూరంగా పీట చూపించాడు. నాకు చిన్నతనం కాలేదు. ఆయన చూపులో ఎక్కువ తక్కువలు లేవు, పని ఒక్కటే ఉంది.

నాగరత్న అక్క ఆ ఏడే పెళ్లయి వెళ్లిపోయింది. అంచు నాడె అందించే మనిషి లేక మగ్గం కుంటుతోంది. అందుకని సెలవుల్లో నాగరత్న కూర్చుంది. కూర్చుని పడుగు మీద, ఆ నిలువు పోగుల మీద, చెయ్యి పెట్టిందో లేదో పోగు లేచింది. మళ్లీ పెట్టింది, మళ్లీ లేచింది. శీనప్ప మగ్గం ఆపి కూతురి చేతులు పట్టుకుని వెలుతురులోకి తిప్పాడు.

"ఏందిమే ఈ చేతులు? గరుసులో పొర్లించినట్లుండాయి."

"బంతి పట్టుకునేటప్పుడు పడతాంటా నాయనా."

వాళ్లమ్మ లోపల్నుంచి, "నేను అప్పుడే చెప్పలేదా, సదువూ వద్దు సంకనాకుడూ వద్దు, ఇంటికి పిలుసుకొచ్చెయ్యని!" అని అరిచింది.

"నువ్వుండు," అన్నాడు శీనప్ప. బొటనవేలితో ఆ గీతలన్నీ తడిమాడు. "చూడు బిడ్డా. ఈ చేతులు రెండు పనులకూ రావు. బంతి పట్టినంక పట్టు ముట్టుకునేదానికి లేదు. నీ చేతిలో ఆ పని నిజంగా ఉంటే చెప్పు, మగ్గానికి నేను ఇంకొకర్ని పెట్టుకుంటా. నువ్వు సదువుకో, ఆడుకో. లేదంటే ఇంటికొచ్చెయ్, ఊరికే యాడా కాకుండా పోవద్దు."

"ఉండాది నాయనా."

"నువ్వు చెప్తే కాదు, నేను చూడల్ల. ఎవురో తెల్లపిల్లోళ్లు ఆడను వస్తాండారంటివే, ఆ పొద్దు నేనొస్తా. మనిషికి పని వచ్చునా రాదా అనేది చెయ్యి చూస్తే తెలుస్తాది నాకు."

ఆ కాలంలో, ఆ వీధిలో, కూతురి చేతిలో ఏ పనుందో చూసి దాన్ని బట్టి మగ్గం సంగతి చూసుకుంటానన్న తండ్రి ఇంకొకడు ఉంటాడని నేననుకోను. నాగరత్న ఆ రాత్రి అన్నం తినలేదు, సంతోషంతో. నాకు కొంచెం అసూయ కూడా కలిగింది, ఎందుకంటే నన్ను అలా ఎవరూ ఏదీ అడగలేదు.

డెన్మార్క్ పిల్లలు దిగిన రోజు ఊరు ఊరంతా రైల్వే స్టేషన్లోనే ఉంది. ఆహ్వాన సంఘానికి అధ్యక్షుడు శనక్కాయ నూనె మిల్లు యజమాని. ఊళ్లో అందరూ మిల్లాయన అనేవాళ్లు, నేనూ అంతే అంటాను. మేళతాళాలు, దండలు, ఎండలో ఎర్రబడ్డ ఆ పిల్లల నొసళ్ల మీద జారిపోతున్న కుంకుమబొట్లు. వాళ్లు మా హాస్టల్లోనే దిగారు. మొదటిరోజు బిర్గిట్ తన బకెట్ నీళ్లు ఒక్కసారిగా నెత్తిన కుమ్మరించుకుని, సబ్బు నురగతో నిలబడి రెండో బకెట్ కోసం చూసింది. ఓబులమ్మ నెత్తి కొట్టుకుంది. నాగరత్న తన నీళ్లలో సగం తెచ్చి ఆమెకు పోసింది. మర్నాడు బిర్గిట్ చెంబు చెంబుగా లెక్క చూసుకుని పోసుకుని, మిగిలిన నీళ్లు తనే మోసుకుపోయి బీరపాదులో పోసింది. సంస్కృతులు అర్థం చేసుకోవడం అని ఉపన్యాసాల్లో అంటారే, నేను కళ్లారా చూసింది అదొక్కటే, అది ఏ పెద్దమనిషీ చెప్పకుండా జరిగింది. ఆ సాయంత్రం గరుసు నేల మీద బిర్గిట్ బూట్లు విప్పి పక్కన పెట్టి బంతి కొట్టింది. అబ్బ, ఆ కొట్టుడు! నాగరత్న పట్టింది. ఇంకా గట్టిగా కొట్టింది. పట్టింది. చీకటి పడి బంతి కనిపించనిదాకా అదే పని. ఒకరి మాట ఒకరికి రాదు. ఇద్దరూ పడీపడీ నవ్వుకున్నారు.

ఆట కాలేజీ మైదానంలో పెట్టారు. షామియానా కింద పెద్దమనుషులు, గోడల మీద, చెట్ల మీద జనం. ఆడపిల్లలు నిక్కర్లేసుకుని ఎగురుతారట అని చూడ్డానికి వచ్చినవాళ్లే ఎక్కువ, ఆ సంగతి మాకు తెలుసు. కానీ ఆట మొదలైన కాసేపటికి ఆ వెకిలి ఈలలు ఆగిపోయాయి. నాగరత్న ఎడమవైపు పడి ఒకటి ఆపింది, గాలిలోకి ఎగిరి ఇంకొకటి ఆపింది. జనం లేచి నిలబడ్డారు. యాడికి అనే ఊరి నుంచి వచ్చిన సుజాత మా జట్టులో పరుగులమ్మాయి, అందరినీ తప్పించుకుని పోయి గోలు కొట్టింది! ఆ కేక ఇంకా నా చెవుల్లో ఉంది. ఇంటర్వెల్ ఈల పడేసరికి మేమే ముందున్నాం. శీనప్ప ఇంకా రాలేదు. చీర కొంగు నేసేటప్పుడు మధ్యలో లేస్తే, మళ్లీ కూర్చున్న చోట మగ్గం దెబ్బ తేడా పడి గీత కనిపిస్తుందని ఆయన కొంగు ముగిసేదాకా మగ్గం దిగడు. అది మాకు తెలుసు కాబట్టి మేం కంగారు పడలేదు.

మజ్జిగ తాగుతుంటే మిల్లాయన కరుణ మేడమ్‌ను వేలితో పిలిచాడు. తర్వాత తనే మా దగ్గరికి నడిచొచ్చాడు. పంచె అంచు చేత్తో పట్టుకుని, ముఖం నిండా నవ్వు.

"ఏమమ్మా, ఏం పని ఇది? సముద్రాలు దాటి మనింటికొచ్చిన ఆడబిడ్డలు కదప్పా వాళ్లు! ఓడగొట్టి పంపిస్తామా? అనంతపురం వాళ్లకు మర్యాద తెలీదని రేపు పేపర్లో రాస్తే పరువేం కావల్ల? ఓ రెండు గోల్లు ఇచ్చి పంపండి."

ఇంకో రెండు ముద్దలు వడ్డించండి అన్నంత తేలిగ్గా అన్నాడు.

నాగరత్న గబుక్కున, "ఇస్తే తీసుకునేదానికి వచ్చినారా సార్ వాళ్లు? ఆడను వచ్చినారు," అంది.

"నోరు చూడు దీనిది," అన్నాడు మిల్లాయన మేడమ్‌తో, నవ్వు చెదరకుండానే. "ఆ హాస్టలు మీద రెండో అంతస్తు వెయ్యల్లంటే ఆ దేశమోళ్లు సంతోషంగా పోవల్ల మేడమ్. ఆపైన మీ ఇష్టం."

ఆయన వెళ్లాక కరుణ మేడమ్ నేలకేసి చూస్తూ, "చెప్పినట్టు చెయ్యండి పిల్లలూ," అంది. తర్వాత చెయ్యి చాచింది. "ఒట్టు పెట్టండి. ఈ మాట ఎవ్వరికీ చెప్పకూడదు. ఇంట్లో కూడా. ఆ పిల్లలకు తెలిస్తే మనం కావాలని వదిలేశామని ఎంత అవమానపడతారో." మేం ఒకరి మీద ఒకరు చేతులు వేశాం. నాగరత్న చెయ్యి చివర పడింది.

"మేడమ్, మా నాయన వస్తాండాడు," అంది.

"వచ్చేశాడా?"

"ఇంగా రాల్యా."

"అయితే ఏం కాదులే. పో," అంది మేడమ్.

రెండో సగం ఎలా జరిగిందో చెబితే నమ్మరు. మేం బంతి వదిలేస్తున్నాం, వాళ్లూ తీసుకోవడం లేదు. గోలు ఎదురుగా నిలబడి ఆకాశంలోకి కొడుతున్నారు. ఎండకు డస్సిపోయారు పాపం అనుకున్నాం. పెళ్లి బస్సులో సీటు దగ్గర మీరు కూర్చోండంటే మీరు కూర్చోండని ఇద్దరు పెద్దమనుషులు నిలబడిపోయినట్టుంది ఆట. చెట్ల మీద జనం నవ్వడం మొదలుపెట్టారు. ఈలలు మళ్లీ వచ్చాయి. సరిగ్గా అప్పుడు శీనప్ప వచ్చాడు. కొత్త తువ్వాలు భుజాన వేసుకుని, గోలు పక్కనే గీత దగ్గర నిలబడ్డాడు. ఆయన చొక్కా చేతికి పట్టుపోగు ఒకటి అంటుకుని ఉంది. నాగరత్న చూసింది. నేను వెనక వరసలో ఆడేదాన్ని, ఆమె ముఖం నాకు స్పష్టంగా కనిపించింది. ముందు వెలిగింది, వెంటనే ఆరిపోయింది.

బిర్గిట్ బంతి తీసుకుని వచ్చింది. నేను పక్కకు తప్పుకున్నాను. ఆమె కొట్టింది. బంతి నేల మీద దొర్లుకుంటూ, మెల్లగా, నేరుగా నాగరత్న చేతుల దగ్గరికి వచ్చింది. పాకే పిల్లవాడైనా ఆపుతాడు దాన్ని. నాగరత్న వంగింది. చేతులు తెరిచింది. బంతి ఆ చేతుల మధ్య నుంచి, కాళ్ల మధ్య నుంచి వెళ్లి గోలులో పడింది. బిర్గిట్ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది. చెట్ల మీద జనం విరగబడి నవ్వారు. ఆ తర్వాత ఇంకొకటి కూడా పోయింది. అది ఎలా పోయిందో నాకు గుర్తు లేదు, ఎందుకంటే నేను శీనప్పనే చూస్తున్నాను.

ఆయన తిట్టి ఉంటే బాగుండేది. ఆట అయిపోయాక, అవతల మిల్లాయన మైకులో స్నేహం, సౌహార్దం అని ఊదరగొడుతూ శాలువాలు కప్పుతుంటే, శీనప్ప కూతురి దగ్గరికి వచ్చి చెమట తుడిచాడు. "దాహమైతాండాదా? సోడా తాగుతావా?" అన్నాడు. సోడా కొట్టించి ఇచ్చాడు. నాకూ ఒకటి ఇప్పించాడు. నాగరత్న తాగేదాకా ఆగి, ఎంతో మెత్తగా, "పోనీలే బిడ్డా. అందరికీ అన్నీ వచ్చేదానికి లేదు. నీకు రాని పని చేసి ఇంతమంది ముందర నగుబాటు ఏంటికి? ఇంటికి పోదాం రా," అన్నాడు.

నాగరత్న నన్ను చూసింది, కరుణ మేడమ్‌ను చూసింది. మేడమ్ ముఖం తిప్పుకుంది. ఒట్టు పెట్టించింది కదా. నాగరత్న ఆ ఆట బట్టల మీదే ఓణీ కప్పుకుని నాయనతో బస్సెక్కి పోయింది. తర్వాత ఎవరో ఆమె ట్రంకుపెట్టె తీసుకుపోయారు. ఆమె చేతులకు వాళ్లమ్మ రోజూ వెన్న రాసి, పోగు లేవనంత మెత్తగా చేసిందని తర్వాత విన్నాను.

ఎవరి మీద కోప్పడను నేను? అదే నా కడుపుమంట. మిల్లాయన కొట్టలేదు, తిట్టలేదు, చుట్టాలకు మర్యాద చేశాడు. కరుణ మేడమ్ మా తలల మీద కప్పు కోసం తల వంచింది. శీనప్ప కూతురు నవ్వులపాలు కాకూడదనుకున్నాడు. అందరూ మంచివాళ్లే! మంచివాళ్లందరూ కలిసి ఒక ఆడపిల్ల చేతుల్లో ఉన్నదాన్ని, ఆమె చేతులతోనే కింద పడేయించారు. దుర్మార్గుడైతే ఎదురు తిరగొచ్చు. మర్యాదగా మాట్లాడేవాడికి ఎలా ఎదురు తిరుగుతావు? అందుకే మర్యాద అనే మాట వింటే నాకు చిర్రెత్తుకొస్తుంది. నేను డ్రిల్లు టీచరునై కొత్తచెరువులోనూ ఇంకా పది ఊళ్లలోనూ పనిచేశాను. ఎవరో వస్తున్నారు, మన పిల్లల్ని కాస్త తగ్గి ఆడమనండి అన్న హెడ్‌మాస్టరుతో నేను పెట్టుకోని గొడవ లేదు. ట్రాన్స్‌ఫర్లు ఊరికే వచ్చాయా మరి!

కరుణ మేడమ్ ఉద్యోగం మానుకుని కోలారు వెళ్లిపోయాక, ఇంక ఒట్టు తీరిందనుకుని నాగరత్న వాళ్ల నాయనకు జరిగింది చెప్పిందట. ఆయన నాడె పక్కన పెట్టి అంతా విని, తల నిమిరి, "సరేలే బిడ్డా, అట్లే అయ్యింటాదిలే" అన్నాడట. నమ్మలేదు. తన కంటితో చూసినదాన్ని కాదని, ఓడిపోయిన పిల్ల మాటను ఎలా నమ్ముతాడు? ఆ తర్వాత ఆ ఇంట్లో ఆయన బంతి అన్న మాట ఎత్తలేదు. వీధిలో పిల్లలు ఆడుతుంటే, నాగరత్న బాధపడుతుందని తలుపు దగ్గరికి వేసేవాడట. నాగరత్న బతుకు పాడైందని నేను అనడం లేదు. ఆ ఊళ్లోనే పెళ్లయింది, పిల్లల్ని పెంచింది, నాయన పోయాక ఆయన మగ్గం తన ఇంటికి తెచ్చుకుని చీరలు నేస్తోంది. ఆమె నేసిన చీర చూస్తే ఎవరూ మాట్లాడలేరు. నాకు ఆమె మీద జాలి లేదు. కానీ కన్న తండ్రి చనిపోయేదాకా తనను చూసి జాలిపడ్డాడన్నది ఆమెకు తెలుసు, అది ఆమెను తింటూనే ఉంది.

ఇదంతా ఆ రోజు స్టేడియంలో బిర్గిట్‌కు చెప్పాను. ఒట్టు సంగతి, మిల్లాయన సంగతి, అన్నీ. ఆమె ముఖం తెల్లకాగితమైపోయింది. తర్వాత తన సంగతి చెప్పింది. అప్పట్లో ఆట జరిగిన రోజు పొద్దున తమను తీసుకొచ్చిన టీచరమ్మ తమందరినీ కూర్చోబెట్టి చెప్పిందట. వీళ్లు కరువు ప్రాంతం పిల్లలు, కాళ్లకు చెప్పులు కూడా లేవు, ఈ ఒక్క సంతోషమైనా వాళ్లకు మిగలనివ్వండి, మొదట్లో ఎలా ఆడినా రెండో సగంలో గెలవనివ్వండి, అని. బిర్గిట్ ఒప్పుకోనందట, ఏడ్చిందట, దయ ఉండాలని ఆమెకు బుద్ధి చెప్పారట.

"నేను ఆమె చేతుల్లోకే కొట్టాను," అంది బిర్గిట్. "పట్టుకుంటుందని. ముందురోజు సాయంత్రం చూశాను కదా, ఆమె ఏదైనా పట్టుకోగలదు. ఎందుకు పట్టుకోలేదో నాకు ఇన్నేళ్లూ అర్థం కాలేదు."

వాళ్లకు మా మీద జాలి, మాకు వాళ్ల మీద మర్యాద. అంత పెద్ద మైదానంలో నిజంగా ఆట చూడ్డానికి వచ్చినవాడు ఒక్క శీనప్పే, ఆయన కళ్ల ముందు ఆట లేదు. నేను ఏం మాట్లాడానో నాకు గుర్తులేదు కానీ, ముందు వరసలో పెద్దమనుషులు వెనక్కి తిరిగి చూశారు.

మర్నాడు కారు మాట్లాడుకుని ఇద్దరం ధర్మవరం వెళ్లాం. నాగరత్న మగ్గం గుంతలో ఉంది. జుట్టు నెరిసింది, కళ్లద్దాలు వచ్చాయి, చూపు మాత్రం అదే. బిర్గిట్‌ను గుర్తుపట్టడానికి ఆమెకు పేరు చెప్పనక్కర్లేకపోయింది. కాఫీ పెట్టించబోతే నేను ఆపి, ముందు ఈమె చెప్పేది విను అన్నాను. బిర్గిట్ చెప్పింది, నేను తెలుగులో చెప్పాను. నాగరత్న చేతిలో నాడె అలాగే ఉండిపోయింది.

"ఇంగోసారి చెప్పమను."

ఇంకోసారి చెప్పాను.

"చేతుల్లోకే కొట్టిందా?"

"అవును."

"అదే అనుకుంటాంటి. అంత మెల్లగా ఏంటికొచ్చెనా అని ఇన్నేండ్లూ అనుకుంటానే ఉంటి," అంది నాగరత్న.

బిర్గిట్ కళ్లనీళ్లు పెట్టుకుని, కావలించుకోవడానికి దగ్గరికి వంగింది. నాగరత్న అరచెయ్యి అడ్డం పెట్టి ఆపింది.

"ఏడ్సద్దని చెప్పు. ఈ మాట నాకు చెప్తే ఏమొస్తాది? నేను ఇడిసిపెట్టింది నాకు తెలీదా?"

గుంతలోంచి లేచి, మోకాళ్లు పట్టుకుని నిలబడి, బిర్గిట్ మణికట్టు పట్టుకుని గోడ దగ్గరికి నడిపించింది. గోడ మీద శీనప్ప ఫొటో ఉంది. భుజాన తువ్వాలు, అదే తక్కువ మాటల ముఖం.

"ఈయనకు చెప్పమను," అంది.

బిర్గిట్ నా వైపు చూసింది. చెప్పు అన్నాను. ఆమె ఫొటో ముందు నిలబడి ఇంగ్లీషులో మొదలుపెట్టి, మధ్యలో తన భాషలోకి పోయి, మొత్తం చెప్పింది. అయ్యాక నాగరత్న నా వైపు తిరిగింది.

"ఆయనకు ఆ మాటలు రావు గదా రూతూ. నువ్వు చెప్పు."

ఊరందరితో గొడవపడ్డ నేను తల వంచుకుని ఆ ఫొటో దగ్గరికి జరిగాను. "చిన్నాయనా..." అన్నాను, నాకే వినపడనంత మెల్లగా.

"గట్టిగా చెప్పుమే," అంది నాగరత్న కోపంగా. "మగ్గం కాడ కూసోని కూసోని ఆఖర్న ఆయనకు చెవులు దూరమైపాయ."

"చిన్నాయనా! నీ బిడ్డకు బంతి పట్టేది వచ్చు! ఆ పొద్దు కావాలనే ఇడిసిపెట్టింది! మేమే ఇడిసిపెట్టమన్నాం!" అని అరిచాను. పక్కింటి మగ్గం ఆగిపోయింది. వీధిలో పోతున్నవాళ్లు గుమ్మం ముందు నిలబడి లోపలికి చూస్తున్నారు.

"ఇంగా గట్టిగా," అంది నాగరత్న.